వడగళ్ళ రాణికి నకలు

జనవరి 9

పిట్టా,

నేను క్షేమం, నా మోకాళ్ళు కాదు. ఫోను చేసి చెప్పొచ్చు కదా అంటావు. చేస్తే అయిదో నిమిషానికి అమ్మ చీరల పంపకం దాకా వెళ్ళి, ఎవరో ఒకరం ఠక్కున పెట్టేస్తాం. ఉత్తరమైతే పోట్లాడటానికి కూడా వారం ఆగాలి. అది మనిద్దరి ఆరోగ్యానికీ మంచిది.

సంగతేమిటంటే, నా అలమారలో ఇప్పుడు పదమూడు మంది వీరులు నిలబడి ఉన్నారు. మొత్తం పద్నాలుగు మందిలో పదమూడు! పళ్ళపొడి కంపెనీవాళ్ళు పెద్ద డబ్బా మూతకి ఒక్కో వీరుణ్ణి కట్టి అమ్మిన రోజుల్లో, ఇంటిల్లిపాదీ చిగుళ్ళు అరిగేలా తోముకున్నా మనకి దొరికింది పన్నెండు మందే. ఇల్లు ఖాళీ చేసినప్పుడు చీట్లు వేసుకుని చెరో ఆరుగురిని తీసుకున్నాం. నా ఆరుగురి మధ్య ఖాళీలు చూస్తుంటే ముందుపళ్ళు ఊడిన నోరు చూసినట్టుండేది. ముప్ఫై అయిదేళ్ళుగా దంతవైద్యుడి వెనకగదిలో కూర్చుని ఊరివాళ్ళ నోళ్ళకి కట్టుడు పళ్ళు చేస్తున్నదాన్ని, నా ఇంట్లో బోసినోరు పెట్టుకుంటానా?

నీ వాటాకి వెళ్ళినవాళ్ళలో అయిదుగురిని జ్ఞాపకం మీద చేశాను. మనకెన్నడూ దొరకని ఇద్దరిని, అదే, నత్తవీరుణ్ణీ రెండు తలల కాపలాదారునీ, డబ్బా వెనక అచ్చేసిన బొమ్మ చూసి చేశాను. కట్టుడు పళ్ళు పోసే పదార్థమే. ఎండబెట్టి, నునుపు పట్టి, రంగు వేస్తే కంపెనీవాడు కూడా మోసపోతాడు.

మిగిలింది నీ దగ్గరున్న వడగళ్ళ రాణి. నాలుగుసార్లు చేశాను. తలమీద ఆ వడగళ్ళ కిరీటం ఉంది చూశావూ, అది కుదరదు. నాలుగుసార్లూ తలనిండా సెగ్గడ్డలు లేచిన మనిషిలా వచ్చింది. డాక్టరుగారు తొంగిచూసి, ఈవిడకేం జబ్బండీ అని అడిగారు.

నీ రాణిని ఒక్కసారి పంపవే. అచ్చు తీసుకుని మూడు వారాల్లో తిప్పి పంపిస్తాను.

ప్రేమతో,
అక్క

జనవరి 20

అక్కా,

నీ ఉత్తరం అందింది. నేనూ క్షేమమే అనుకో. ఈ వారం చొక్కాల కర్మాగారంలో మా తనిఖీ బల్ల దగ్గర ఇద్దరు సెలవు. ముగ్గురి పని నేను చేస్తున్నాను. నిన్న ఒక్కరోజే నూటపది చొక్కాలు వెనక్కి కొట్టాను. కాజాలు కుట్టే ఆవిడ నన్ను చూస్తే పళ్ళు నూరుతుంది. అవి అరిగిపోయాక నీ దగ్గరికే పంపుతానులే.

రాణి సంగతి. సబ్బు గొళ్ళెం నీకు గుర్తుందో లేదో, నాకు బాగా గుర్తుంది. గొళ్ళెం వీరుడి కోసం ఇద్దరం జుట్లు పట్టుకుంటే, నువ్వు సబ్బుబిళ్ళ చెక్కి రంగు పూసి నా చేతిలో పెట్టావు. అసలువాణ్ణి నీ పుస్తకాల సంచిలో దాచావు. నేను నా వాడికి స్నానం చేయించాను. నురగ అయిపోయాడు. నువ్వు గుమ్మంలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వావు. అప్పుడు నీకు పదిహేనేళ్ళు, నాకు ఎనిమిది.

ఇప్పుడది ఎందుకంటావా? ఊరికే. మీ మరిది ఆస్పత్రిలో ఉన్న నలభై రోజులూ నా చేతిసంచిలో ఈ రాణి ఉండేది. డాక్టర్లు లోపలికి రమ్మన్నప్పుడల్లా సంచిలో చెయ్యి పెట్టి దీన్ని పట్టుకుని వెళ్ళేదాన్ని. మిగతా అయిదుగురిని నువ్వు తీసుకుపోయినా నేను మాట్లాడను. ఇది మాత్రం నాకు తిరిగి రావాలి.

ఈ ఉత్తరంతోపాటే దూదిలో చుట్టి పంపుతున్నాను. మూడు వారాలన్నావు. మూడే.

పిట్ట

మార్చి 28

బంగారు పిట్టా,

తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. మూడు వారాలు తొమ్మిదయ్యాయి. నా తప్పు కాదు. చలి తగ్గేసరికి ముసలివాళ్ళందరికీ ఒక్కసారే నవ్వాలనిపించినట్టుంది, పై పలువరుసలు పదకొండు వచ్చిపడ్డాయి. అందులో రిటైరైన హెడ్‌మాస్టరుగారు ఒకరు. ఆయన పళ్ళు జేబులో పెట్టుకుని తిరుగుతారు, ఎవరన్నా ఫొటో తీస్తామంటేనే పెట్టుకుంటారు. తినడానికి పనికిరావడం లేదని ఫిర్యాదు. నోట్లో పెట్టుకుంటే కదండీ పనికొచ్చేది అన్నాను.

ఇదిగో నీ రాణి. నాకు నా రాణి వచ్చేసింది. అలమారలో పద్నాలుగు మందీ వరసగా నిలబడితే ఆ ఉదయం చాలాసేపు కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను. పనికి ఆలస్యమైంది.

దీన్ని ఎలా చేశానో చెప్పకపోతే నాకు అన్నం సయించదు. కంపెనీవాడి బొమ్మ అడుగుదాకా నల్లటి ప్లాస్టిక్కు. మా పదార్థం చిగుళ్ళ గులాబీ రంగు. పైరంగు ఎక్కడ లేచినా గులాబీ బయటపడి పరువు తీస్తుంది. అందుకని ముందు అచ్చులో నల్లటి పొర ఒకటి పోసి, అది గట్టిపడ్డాక లోపల గులాబీ నింపాను. తూకం కూడా సరిచేశాను. గోరుతో గీరినా, అరికాలు చెక్కినా నలుపే. నడుముకి రంపం పెట్టి రెండు ముక్కలు చేస్తే తప్ప బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. ఇద్దరు రాణుల్నీ బల్లమీద పక్కపక్కన పెడితే ఏది ఏదో నాకే తెలియలేదనుకో!

నీ రాణిలో ఒక మార్పు ఉంది. నేను చెప్పను. చూసి నువ్వే చెప్పు.

నీ అక్క

ఏప్రిల్ 4

అక్కా,

చూశాను. చెప్తున్నాను.

నా రాణి వీపున ఎగిరే గుడ్డ అంచుకి ఒక పంటిగాటు ఉండాలి. ఆరేళ్ళప్పుడు దాన్ని కొరికి నేను అమ్మ చేత దెబ్బలు తిన్నాను. చీకట్లో తడిమినా నా బొటనవేలు ఆ గాటులోకి వెళ్ళి కూర్చునేది. ఆస్పత్రిలో పట్టుకున్నది అక్కడే. నువ్వు పంపినదానికి గాటు లేదు. అంచు అద్దంలా ఉంది. ముక్కు మీద రంగు లేచిన చుక్క ఉండాలి, అదీ లేదు. కొత్త పెళ్ళికూతురిలా నిగనిగలాడుతోంది.

ఏది ఏదో నీకే తెలియలేదని రాశావు. నాకు తెలిసింది. రోజుకి వెయ్యి చొక్కాల్లో తప్పు పట్టేదాన్ని, ఒక్క బొమ్మలో పట్టలేననుకున్నావా? నాకు ఎనిమిదేళ్ళు కాదు ఇప్పుడు.

నాది నాకు పంపు.

పిట్ట

ఏప్రిల్ 12

పిట్టా,

నీ ఉత్తరం చదివి కాసేపు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. కోపం ఉండగానే రాస్తున్నాను.

నీ దగ్గరున్నది నీ రాణే. గాటు నేను పూడ్చాను. అచ్చు తీయకముందే, నాలుగు సాయంత్రాలు భూతద్దం కింద పెట్టుకుని, నల్లటి పదార్థం రవ్వరవ్వగా నింపి, అరగదీసి పూడ్చాను. ముక్కుకి రంగు అద్దాను. నీకు సంతోషంగా ఉంటుందనుకున్నాను. పళ్ళపని చేసేదాన్ని, చెల్లెలి బొమ్మకి పంటిగాటు ఉంటే బాగుచేయకుండా ఎలా పంపుతాను? అది నువ్వు దాచుకున్న గాటని నాకేం తెలుసు? ఎప్పుడైనా చెప్పావా?

బాగుచేసి పంపితే దొంగనంటావు. నీకు మనుషుల్లో కుట్టు ఊడిన చోటు తప్ప ఏమీ కనపడదు. ఊరుకుందామనుకున్నాను కానీ రాస్తున్నాను. మరిది చివరి నెలలో నన్ను చూడాలని కబురు పెడితే వచ్చాను చూడు, నువ్వు మందుల షాపుకి వెళ్ళావు. అప్పుడాయన, "వదినా, ఈవిడ నా ఊపిరి కూడా తనిఖీ చేస్తోంది, కాస్త బయటికి తీసుకెళ్ళండి, ప్రశాంతంగా పడుకుంటాను" అన్నాడు. నేను నవ్వేశాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

అక్క

ఏప్రిల్ 19

అక్కా,

ఆయన ఆ మాట అని ఉండడు. అన్నా, నువ్వు నాకు రాయాల్సిన మాట కాదు. మూడేళ్ళు నోట్లో దాచుకుని, నీ దొంగతనం బయటపడ్డాక తీసి నా మొహాన కొట్టావు. అంటే అది కూడా అవసరానికి దాచుకున్న బొమ్మే అన్నమాట.

పూడ్చానంటున్నావు. నేను భూతద్దం తెచ్చి చూశాను. అతుకు ఎక్కడా లేదు. నీ పని అంత గొప్పదా, లేక పని జరగనే లేదా? నడుముకి కోస్తే తెలుస్తుందని నువ్వే రాశావు. కోస్తాను. మే రెండో తేదీ గురువారం భోజనాల వేళ మా మేస్త్రీ దగ్గర సన్నరంపం తీసుకుంటాను. మా బల్ల దగ్గర ఆడవాళ్ళందరికీ కథ తెలుసు. వాళ్ళ ముందే కోస్తాను. కోయకముందే నిజం చెప్పే అవకాశం నీకిస్తున్నాను.

పిట్ట

ఏప్రిల్ 25

కోసుకో.

నల్లగా ఉంటే నాకు మళ్ళీ ఉత్తరం రాయకు. గులాబీగా ఉంటే నేను ఈ జన్మలో మళ్ళీ అచ్చు ముట్టను, ఒకరి నోట్లో ఒక్క పన్ను పెట్టను. మా డాక్టరుగారి ముందే ఈ మాట అన్నాను, ఆయన సాక్షి.

అక్క

మే 2

అక్కా,

ఇవాళ కోశాను. నలుగురు చూస్తుండగా కోశాను.

గులాబీ. చిగుళ్ళ రంగు గులాబీ.

ఇంక నేను రాయడానికి ఏమీ లేదు. నువ్వేదో ఒట్టు పెట్టుకున్నట్టున్నావు.

పిట్ట

మే 21

పిట్టా,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. ఇన్నాళ్ళూ కలం పట్టుకోలేకపోయాను.

మొదట నువ్వు అబద్ధమాడుతున్నావనుకున్నాను. ఆ పాపం ఒప్పుకుంటున్నాను. ఒక పూటంతా నిన్ను అనరాని మాటలు అనుకున్నాను. తర్వాత ఆలోచించాను. నీ నోరు చేదే కానీ, నువ్వు అబద్ధాల మనిషివి కాదు. చిన్నప్పుడు కూడా అబద్ధాలన్నీ నావే. పైగా నలుగురు చూశారంటున్నావు.

అయితే తప్పు నాదే. దొంగతనం మాత్రం కాదే, నమ్ము. ఆ రోజు రెండూ బల్లమీద పెట్టుకుని మురిసిపోయాను కదా, అప్పుడే చేతులు మారి ఉంటాయి. నాది నీకు పంపి, నీది నా అలమారలో పెట్టుకున్నాను. రెండు రోజులు భూతద్దం కింద తిప్పితిప్పి చూశాను, పూడ్చిన గాటు ఎక్కడో నాకు దొరకలేదు. నేనే పూడ్చింది నాకే దొరకలేదు. కళ్ళు పోయాయని అప్పుడర్థమైంది.

హెడ్‌మాస్టరుగారి పళ్ళు మళ్ళీ వెనక్కొచ్చాయి. నెల కిందటైతే ఆయన చిక్కిపోయారు కాబట్టి వదులైందనేదాన్ని. ఇప్పుడు తప్పు నాదేనండీ అన్నాను. తీసుకుని, తలొంచుకుని, లోపలికి వెళ్ళిపోయాను.

నీ రాణిని పంపుతున్నాను. గాటు మళ్ళీ పెట్టి పంపుదామా అనుకున్నాను, కానీ నీ పన్ను నా దగ్గర లేదు కదా.

నన్ను క్షమించు.

అక్క

మే 30

అక్కా,

పార్సెల్ అందింది. బొమ్మ బాగానే చేరింది.

జరిగిందేదో జరిగింది. వయసు మీద పడ్డాక ఒప్పుకోవడమే మర్యాద, నువ్వు ఒప్పుకున్నావు. నోట్లో పెట్టుకునే వస్తువు కదా, రేపు ఎవరికో పుండు పడితే ఆ ఉసురు ఎవరికి? అరవై ఒకటి తక్కువేం కాదు. ఆలోచించుకో.

ఇక్కడ ఎండలు. కర్మాగారంలో పంకాలు చాలక ఇద్దరు పడిపోయారు.

పిట్ట

జూలై 15

పిట్టా,

ఆలోచించుకున్నాను. పని మానేశాను.

డాక్టరుగారు మూడుసార్లు ఇంటికొచ్చారు. మీరు చేసిన వరసలు ఇరవై ఏళ్ళుగా నములుతున్నవాళ్ళు నాకు రోజూ కనపడతారండీ, ఒక్క బొమ్మ తారుమారైతే ఏమైంది అన్నారు. నాకే ఏది ఏదో తెలియనప్పుడు మీ రోగుల్ని నాకెలా అప్పగిస్తారు అన్నాను. చివరికి విసిగిపోయి, పళ్ళ పనంతా పెద్ద ఊరి ల్యాబుకి పార్సెల్లో పంపడం మొదలుపెట్టారు. నా గది ఇప్పుడు మందుల అట్టపెట్టెలకి వాడుతున్నారు. నునుపు పట్టే యంత్రాన్ని రాళ్ళకి మెరుగుపెట్టే అతను మోసుకుపోయాడు. అచ్చులన్నీ పగలగొట్టి నేనే గోతిలో పోయించాను. నీ రాణి అచ్చు కూడా.

పొద్దున్నే లేచి కాఫీ గ్లాసు పట్టుకుని చెయ్యి చూసుకుంటాను. వణుకుతోందా లేదా అని. నిన్న కొంచెం వణికినట్టనిపించింది.

ఒక మాట అడుగుతాను, కాదనకు. నీకు రెండు గదులున్నాయి. నేను వచ్చి నీ దగ్గర ఉండనా? నా పదమూడు మందినీ తెస్తాను. నీ ఆరుగురూ ఉన్నారు. అమ్మ పోయాక మొదటిసారి అందరూ ఒక గోడకి నిలబడతారు. నేను నీ వంటింటి జోలికి రాను. నువ్వు పనికి వెళ్తే ఇల్లు ఊడ్చి పెడతాను. నాకు ఇక్కడ పలకరించే దిక్కు లేదే. రోగులు వీధిలో కనపడితే నోరు తెరిచి చూపించేవాళ్ళు, ఇప్పుడు మూసుకుని వెళ్ళిపోతున్నారు.

నీ అక్క

జూలై 24

అక్కా,

మా ఇంటికి నలభై ఆరు మెట్లు. నీ మోకాళ్ళతో ఎలా ఎక్కుతావు? పైగా ఆ రెండో గది గోడ చెమ్మ పట్టింది, బొమ్మలకి బూజు వస్తుంది. ఇంటి యజమాని కూడా కొత్త మనిషి వస్తే గొణుగుతాడు. నాకు వేళాపాళా లేని పని. నువ్వు ఒక్కదానివే రోజంతా ఈ గోడలు చూస్తూ ఏం చేస్తావు?

అక్కడే ఏదైనా కాలక్షేపం చూసుకో. వచ్చే ఏడాది ఆలోచిద్దాం.

పిట్ట

ఆగస్టు 3

పిట్టా,

మెట్లు ఒకసారి ఎక్కితే మళ్ళీ దిగే పని నాకేముంది? చెమ్మ గోడకి సున్నం నేను వేస్తాను.

మొహమాటానికి రాశావని నాకు తెలుసు. నన్ను శ్రమపెట్టకూడదని నీ ఆరాటం. అందుకని నేనే తెగించాను. నా గది ఈ నెలాఖరుకి ఖాళీ చేస్తానని ఇంటావిడకి చెప్పేశాను. పందొమ్మిదేళ్ళున్న గది. మంచం, కుర్చీ, అలమార ఎదురింటి కుట్టుపని ఆవిడ తీసుకుంది.

బొమ్మలు తేవడం లేదు. నువ్వన్నట్టు బూజు పడుతుందని కాదు. సర్దుతూ వరసగా పేర్చాను. నా వాటా ఆరుగురు ఎవరో, నా చేతివాళ్ళు ఎవరో చూసుకుందామని. తెలుసు. తెలుసనే అనిపించింది. కానీ రాణి విషయంలో కూడా తెలుసనే అనుకున్నాను కదా. ఒక్కొక్కణ్ణీ పట్టుకుని నువ్వు ఎవరివిరా అని అడిగితే ఎలా ఉంటుంది? అందరినీ ఒక బుట్టలో వేసి మా డాక్టరుగారి ఆస్పత్రిలో రోగులు కూర్చునేచోట పెట్టి వచ్చాను. వారం తిరగకుండానే పిల్లలు నత్తవీరుడి గుల్ల ఊడబీకారట. ఆడుకోనీ.

ముప్ఫై ఒకటో తేదీ మధ్యాహ్నం బండికి వస్తాను.

నీ అక్క

ఆగస్టు 10

అక్కా,

రావద్దు. ఎందుకు రావద్దంటున్నానో చెప్తాను. ఉత్తరం మొత్తం చదువు.

ఆ గురువారం నేను కోసింది నల్లగా ఉంది.

రంపం మొదటి గీటు నుంచి చివరి గీటు దాకా నలుపే. బొగ్గులా. సగం కోశాకే నాకు తెలిసిపోయింది. ఆపుదామంటే చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. అప్పటికి నెల రోజులుగా వాళ్ళకి నీ గురించి చెప్పని మాట లేదు. అందుకని చివరిదాకా కోశాను. రెండు ముక్కలూ బల్లమీద పడ్డాక కాజాలు కుట్టే ఆవిడ వంగి చూసి, "మీ అక్క నిజమే చెప్పిందమ్మా, నీకే తిక్క" అంది. మిగతావాళ్ళు నవ్వారు. ఇప్పటికీ నేను చొక్కా వెనక్కి కొడితే, నడుముకి కోసి చూశావా అని అడుగుతారు.

ఆ సాయంత్రం నీకు నిజమే రాయడానికి కూర్చున్నాను. నల్లగా ఉంది, నన్ను క్షమించు అని రాశాను కూడా. అప్పుడు నీ ఉత్తరం మళ్ళీ తీశాను. ఆయన ఊపిరి మాట. ఆయన ఆ మాట అన్నారని నాకు తెలుసు. నాతోనూ అన్నారు. నీకు కూడా చెప్పారని తెలియదు, అంతే. నేను రాసిన కాగితం చింపేసి గులాబీ అని రాశాను. నీ ఒట్టు నాకు గుర్తులేక కాదు. గుర్తుండే రాశాను. ఒక్కసారి నువ్వు తప్పు చేసినదానివి కావాలి, నేను సరైనదాన్ని కావాలి అనిపించింది. నువ్వు ఒప్పుకోవనుకున్నాను. పోట్లాడతావనుకున్నాను. ముక్కలు పంపమంటావు, అప్పుడు బయటపడుతుంది, ఇద్దరం నాలుగు తిట్టుకుని ఊరుకుంటాం అనుకున్నాను. నువ్వు నమ్మేశావు. క్షమించమన్నావు. నీ నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. విన్నాక నాకు చెప్పబుద్ధి కాలేదు.

నువ్వు రెండోసారి పంపినది నువ్వు చేసినది. అది నా కిటికీలో ఉంది. నీ కళ్ళకి ఏమీ కాలేదు. నీ చేతికి ఏమీ కాలేదు. వెళ్ళి నీ గది వెనక్కి అడుగు, నీ పని వెనక్కి అడుగు. నువ్విక్కడికి వచ్చి నా ఎదురుగా కూర్చుంటే నేను తట్టుకోలేను.

పిట్ట

ఆగస్టు 24

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తాను. మోకాళ్ళు గుర్తుకు రాలేదు. డాక్టరుగారి ముందు పెట్టి చదవండి అన్నాను. చదివారు. ఇదంతా బొమ్మ కోసమేనా అని అడిగి, వెంటనే ఎందుకడిగానా అన్నట్టు తల దించుకున్నారు. మంచివాడు. రేపే రండి, ల్యాబువాళ్ళు చేసేవి ఎవరికీ పట్టడం లేదు, ఒక పై వరస చేసివ్వండి అన్నారు. అట్టపెట్టెలు జరిపించి నా బల్ల ఖాళీ చేయించారు. నా పాత కత్తులు ఆయన దాచి ఉంచారట.

మైనం వేడిచేశాను. కత్తి ఆనించాను. కోరపన్ను దగ్గర చెయ్యి వణికింది. మళ్ళీ చేశాను, మళ్ళీ వణికింది. మూడు రోజులు కూర్చున్నాను. నాలుగో రోజు డాక్టరుగారు వచ్చి నా చేతిలోంచి కత్తి నెమ్మదిగా తీసుకున్నారు. ఇన్నాళ్ళు చేశారు కదండీ, ఇంక చాల్లెండి అన్నారు. గులాబీ అన్న నీ ఉత్తరం రాకముందు ఈ వణుకు లేదు. నీ అబద్ధం నమ్మి, రోజూ పొద్దున్నే లేచి, వణుకుతోందా వణుకుతోందా అని చూసుకుని చూసుకుని, నా చేతికి నేనే నేర్పాను. అది నేర్చుకుంది. నువ్వు నిజం చెప్పాక కూడా, ఇంక మానెయ్యి అంటే అది వినడం లేదు.

గది అడిగాను. వేరేవాళ్ళకి ఇచ్చేశారు. నేనింకా ఉండగానే వాళ్ళు వచ్చి, నా అలమార ఉన్న గోడకి రంగు కూడా వేసేశారు. ఊళ్ళో ఇంకెవరినీ అడగలేదు. అడిగితే ఎందుకు ఖాళీ చేశావంటారు, ఏమని చెప్పను?

కాబట్టి ముప్ఫై ఒకటో తేదీ బండికే వస్తున్నాను. ఉండనిస్తావా అని అడగడం లేదు. నాకు ఇంకో చోటు లేకుండా చేసింది నువ్వు. స్టేషనుకి రావద్దు. మెట్లు నేనే ఎక్కుతాను. చెమ్మ ఉన్న గదే ఇవ్వు. కోసిన ముక్కలు ఉంటే పారెయ్యి, పారేస్తే పారేశానని చెప్పకు. ఎవరి వంట వాళ్ళం చేసుకుందాం. నీ ఎదురుగా కూర్చోనులే, భయపడకు. తలుపు అవతల ఉంటాను. నేను కదలడం నీకు వినపడుతుంది, నువ్వు కదలడం నాకు వినపడుతుంది.

అమ్మ తొంభై మూడేళ్ళు బతికింది. మనకీ అంతే రాసి ఉంటుంది.